సాగర్ నీళ్లు, నాంపల్లి తీర్మానం

2019 సెప్టెంబర్ 16, సోమవారం. నల్లమల అడవిలో యురేనియం తవ్వే ఆలోచన మానుకోవాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతూ ఆ రోజు తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. మంత్రి కె.టి.రామారావు ప్రవేశపెట్టారు, సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. పొద్దున లేస్తే ఒకరి మాట ఒకరికి గిట్టని పార్టీలు ఆ ఒక్క విషయంలో కలిసిపోయాయి. ఆ సభ ఉన్నది మన నాంపల్లిలో, పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకొని. ఈ మాటలు మీకు వినిపిస్తున్న ఆకాశవాణి కేంద్రం నుంచి నడిచిపోయేంత దూరం. ఆ రోజు నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లలో, అబిడ్స్ దుకాణాల్లో బట్టలు బేరమాడుతున్నవాళ్లలో ఎంతమంది ఈ సంగతి పట్టించుకున్నారో చెప్పలేను. పట్టించుకున్నవాళ్లు కూడా, ఎక్కడో అడవిలో చెంచుల కష్టం తీరిందిలే అనుకొని ఉంటారు.

అందులో మన మంచినీళ్ల సంగతి కూడా ఉంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదే.

హైదరాబాద్ గురించి పాత మాట ఒకటుంది కదా, గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదిలిపోడని. 1908లో మూసీ వరద ఊరిని ముంచేసింది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్ సాగరే ఆ గండిపేట. 1920లో పూర్తయింది. ఏడేళ్లకు హిమాయత్ సాగర్ వచ్చింది. ఆ రెండూ, ఆ తర్వాత మంజీరా, చాలాకాలం నగరం దాహం తీర్చాయి. ఊరు పెరిగింది, అవి చాలలేదు. చివరికి వంద కిలోమీటర్లు దాటి కృష్ణ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసిన నీళ్లు నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయానికి వస్తాయి. అక్కణ్నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి, ఆ తర్వాత పెద్ద పెద్ద గొట్టాల్లో నగరానికి. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో మొదలయ్యాయి. మూడూ కలిపి రోజుకు 27 కోట్ల గ్యాలన్లు. లీటర్లలో చెప్పుకుంటే నూట ఇరవై కోట్ల పైమాటే.

ఈ లెక్క గుర్తుపెట్టుకొని నాతో పాటు 2003కి రండి.

అప్పటికి ఆ గొట్టాల్లో ఇంకా నీళ్లు పారలేదు. అదే సమయంలో నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున, పెద్ద అడిశర్లపల్లి మండలంలో, లంబాపూర్, పెద్దగట్టు అనే రెండు చిన్న ఊళ్ల పక్కన యురేనియం గనులు తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ముందుకొచ్చింది. యూసిల్ అంటే అందరికీ తెలుస్తుంది. జాదుగూడలో గనులు నడిపే ప్రభుత్వ రంగ సంస్థ అది. తవ్విన రాయిని పొడిచేసి, యురేనియం తీసే శుద్ధి కర్మాగారం కూడా కావాలి కదా, దాన్ని మల్లాపురం దగ్గర అనుకున్నారు. మల్లాపురం ఎక్కడో కాదు, అక్కంపల్లి జలాశయానికి కూతవేటు దూరంలో. నగరానికి రాబోయే మంచినీళ్ల తొట్టి పక్కన అన్నమాట.

ఆగస్టు 19న పబ్లిక్ హియరింగ్ జరిగింది. ఎక్కువ మంది వద్దనే చెప్పారు.

ఆ ఊళ్ల వాళ్లు అంత గట్టిగా ఎలా చెప్పగలిగారని అప్పట్లో నగరంలో కొందరు ఆశ్చర్యపోయారు. తండాల్లో ఉండేవాళ్లకు రేడియో ధార్మికత గురించి ఏం తెలుసు, ఎవరో వెనక ఉండి ఆడిస్తున్నారని అన్నారు. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. అది నల్లగొండ జిల్లా అని మరిచిపోకండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై, ఎముకలు వంగిపోయి, పళ్లు గార పట్టి, నలభై ఏళ్లకే కర్ర పట్టుకొని నడిచే మనుషులు తరతరాలుగా ఉన్న జిల్లా. కంటికి కనిపించని వస్తువు నీళ్లలో చేరితే ఒంటికి ఏమవుతుందో వాళ్లకు మరొకరు చెప్పాలా? ఆ విషయంలో వాళ్లు మనకు పాఠం చెప్పగలరు.

నగరం నుంచి కూడా శాస్త్రవేత్తలు, పౌర హక్కుల వాళ్లు, పర్యావరణ కార్యకర్తలు వెళ్లారు. నివేదికలు చదివి, అందులో ఉన్నదేమిటో, లేనిదేమిటో తెలుగులో చెప్పారు. అది చిన్న పని కాదు. ఇలాంటి ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ నివేదికలు ఇంగ్లీషులో వందల పేజీలుంటాయి. తెలుగులో వచ్చేది పలచటి సంక్షిప్త రూపమే. అసలు కథ ఎప్పుడూ అనుబంధాల్లో, పట్టికల్లో ఉంటుంది.

అక్కంపల్లి పక్కన కర్మాగారం మంచిది కాదని తేలాక, దాన్ని దేవరకొండ వైపు శేరిపల్లికి మార్చారు. 2005 మార్చిలో అక్కడా హియరింగ్ పెట్టారు. అక్కడా వ్యతిరేకతే ఎదురైంది. ఆ ప్రాజెక్టు ముందుకు సాగలేదు.

ఇంతకీ అభ్యంతరం దేని మీద? ఇది కాస్త నిదానంగా చెప్పుకోవాలి. యురేనియం అనగానే మనకు బాంబు గుర్తొస్తుంది, పేలుతుందేమోనని భయం పుడుతుంది. గని దగ్గర ఏదీ పేలదు. అక్కడి సమస్య చెత్త. మన రాష్ట్రాల్లో దొరికే ముడిరాయిలో యురేనియం చాలా తక్కువ. కడప జిల్లా తుమ్మలపల్లెలో రాయిలో అది సుమారు 0.04 శాతం. అంటే ఒక కిలో యురేనియం కావాలంటే రెండున్నర టన్నుల రాయి తవ్వి, నుగ్గు చేసి, రసాయనాలతో కడగాలి. పుట్టెడు వడ్లు దంచితే గుప్పెడు బియ్యం వచ్చినట్టు. ఆ గుప్పెడూ పట్టుకుపోతారు. మిగిలిన ఊక ఊరికే వదిలేస్తారు. ఆ ఊక లాంటి బురదను నిలవచేసే చెరువునే టెయిలింగ్ పాండ్ అంటారు. యురేనియం తీసేసినా రాయిలో ఉన్న రేడియో ధార్మికతలో ఎక్కువ భాగం, దాదాపు 85 శాతం, ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులో రేడియం ఉంటుంది. దాని బలం సగానికి తగ్గడానికి 1600 సంవత్సరాలు పడుతుంది. థోరియంలో ఒక రకానికి 75 వేల ఏళ్లు. కాకతీయుల కాలం నుంచి ఇప్పటికి ఎనిమిది వందల ఏళ్లే. గట్టు కట్టి, అడుగున ప్లాస్టిక్ పొర వేసి, అంతకాలం కాపాడతామని రాసిచ్చే సంస్థ ఏది? ఇరవై ఏళ్ల గ్యారంటీ అయినా సరిగ్గా ఇవ్వగలదా?

నల్లగొండలో కాళ్లు నిలవక యూసిల్ తుమ్మలపల్లెకు వెళ్లింది. 2006లో అక్కడ హియరింగ్, 2007లో శంకుస్థాపన, 2012 నాటికి ఉత్పత్తి. తర్వాత కొన్నేళ్లకే కొట్టాల వంటి పక్క ఊళ్ల రైతులు, బోర్లలో నీళ్లు మారాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని గోల పెట్టారు. టెయిలింగ్ పాండ్ అడుగున వేయాల్సిన పొర షరతుల ప్రకారం వేయలేదని ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో సంస్థకు నోటీసిచ్చింది. తమ వల్ల కాలుష్యం లేదని సంస్థ అంటోంది. ఈ వాదనలో ఎవరు నెగ్గినా, ఒక మాట మాత్రం ఖాయం. లంబాపూర్, పెద్దగట్టు జనం ఆనాడు వద్దనకపోతే ఆ గొడవ ఈ రోజు సాగర్ ఒడ్డున జరుగుతూ ఉండేది. కొట్టాల రైతు బోరు బదులు అబిడ్స్‌లో హోటల్ గ్లాసు గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం.

మరి కరెంటు మాటేమిటి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. సాయంత్రం అబిడ్స్ నుంచి ఎం.జె. మార్కెట్ దాకా నడిచి చూడండి. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లి చూడండి. ఆ వెలుగులన్నీ ఎక్కడో ఎవరో మండించిన బొగ్గు, ఎవరో వదిలిన భూమి. ఒకప్పుడు ఈ నగరానికి కరెంటు హుస్సేన్ సాగర్ ఒడ్డునే పుట్టేది. 1920ల నుంచి నడిచిన ఆ థర్మల్ కేంద్రాన్ని 1995లో కూల్చేశారు. పొగ మనది కాకుండా పోయింది, కరెంటు మాత్రం మనదిగానే ఉంది. అణు విద్యుత్తు మొత్తం తప్పని నేను అనను. కార్బన్ తక్కువ వదిలే కరెంటు దేశానికి కావాలి. కానీ కోటి మంది తాగే నీళ్ల పైన గని పెట్టడమన్నది ఆ చర్చకు సంబంధించినది కాదు. అది చోటుకు సంబంధించిన తప్పు. ఎంత మంచి వంటైనా బావి గట్టు మీద గాడిపొయ్యి తవ్వరు.

ఇక నల్లమల. 2019 మే 22న కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం సర్వేకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సర్వే అంటే తాడు పట్టుకొని కొలవడం కాదు. నాలుగు వేల బోర్లు వేయాలని ప్రతిపాదన. అంటే యంత్రాలు వెళ్లాలి, వాటికి దారులు కావాలి, దారికి చెట్లు కొట్టాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దాని పక్కనే కృష్ణ. అక్కడి వాగులన్నీ, డిండితో సహా, చివరికి ఆ నదిలోకే చేరతాయి. పైన శ్రీశైలం, కింద సాగర్. మళ్లీ అవే నీళ్లు, కాకపోతే ఒక మెట్టు పైనుంచి.

ఈసారి ముందు మేలుకున్నది అమ్రాబాద్, పదర మండలాలు. ఊరూరా కాపలా కాశారు. కొత్త బండి కనిపిస్తే ఆపి, మీరెవరు, ఎందుకొచ్చారని అడిగారు. బంద్‌లు చేశారు, గ్రామసభల్లో వద్దని తీర్మానాలు రాశారు. పెంటలనే చిన్న గూడేల్లో ఉండే చెంచులు, తేనె, బంక, గడ్డలు ఏరుకుని బతికేవాళ్లు, ఒకసారి పులుల కోసం ఖాళీ చెయ్యమని విన్నారు. ఇప్పుడు పులుల అడవిలోనే బోర్లు వేస్తామంటే వాళ్లకు నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో. పులికి మనిషి అడ్డమైతే మనిషిని కదలమంటారు. యురేనియానికి పులి అడ్డమైతే పులిని కూడా కదలమంటారు. అక్కడి నుంచి ఉద్యమం ఫోన్లలోకి పాకింది. సేవ్ నల్లమల అని సినిమా నటులు, రచయితలు, విద్యార్థులు రాయడం మొదలుపెట్టారు. తారల ట్వీట్ల వల్లే ప్రభుత్వం దిగొచ్చిందని చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. ఆ ట్వీట్లకు బలం ఇచ్చింది మన్ననూరు దారిలో రాత్రుళ్లు కాపలా కాసినవాళ్లు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇష్టం లేకపోయినా. సెప్టెంబర్‌లో వద్దని తీర్మానం చేసిన రాష్ట్రమే, అంతకు మూడేళ్ల కిందట, 2016లో, వన్యప్రాణి మండలి సమావేశంలో ఈ సర్వేకు తలూపింది. తలూపినప్పుడు ఎవరూ చూడలేదు. జనం రోడ్డెక్కాక తల అడ్డంగా ఊగింది.

ఈ కథలో హైదరాబాద్ పాత్ర తమాషాగా ఉంటుంది. దేశమంతటా యురేనియం వెతికే అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం మన బేగంపేటలో ఉంది. అణు రియాక్టర్లకు ఇంధనం తయారు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971 నుంచి మౌలాలి దగ్గర ఉంది. వేలమందికి అన్నం పెట్టింది, మంచి ఇంజనీర్లను తయారు చేసింది. వెతికే కాగితం బేగంపేటలో పుడుతుంది, ఇంధనం మౌలాలిలో తయారవుతుంది, వద్దనే తీర్మానం నాంపల్లిలో జరుగుతుంది. మధ్యలో ఉండే బురద ఒక్కటే ఎవరి పక్కనో ఉండాలి.

నిరూపించాల్సింది ఎవరు? ఇలాంటి ప్రతి ఉద్యమంలో ఈ ప్రశ్న దగ్గరే పీటముడి పడుతుంది. హాని జరుగుతుందని మీ దగ్గర రుజువుందా అని అధికారులు ఊరివాళ్లను అడుగుతారు. ఊరివాడి దగ్గర ప్రయోగశాల ఉండదు. దీనికి సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబిచ్చింది, అదీ మన ఊరి కేసులో. హిమాయత్ సాగర్ పరీవాహక ప్రాంతంలో, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో, ఆముదం నూనె నుంచి రసాయనాలు తీసే ఒక కర్మాగారం పెట్టాలనుకున్నారు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు వద్దని 111 జీవో ఉన్నా, రాష్ట్ర ప్రభుత్వం దానికి మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి.నాయుడు అని ఆ కేసుకు పేరు. 1999 జనవరి 27న తీర్పు రాసిన ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి ఎం.జగన్నాధరావు ఉన్నారు. ప్రమాదం ఉండొచ్చన్న అనుమానం బలంగా ఉన్నప్పుడు, హాని లేదని నిరూపించే బరువు పరిశ్రమ పెట్టేవాడిదే గానీ, వద్దనేవాడిది కాదని ఆ తీర్పు చెప్పింది. 2000 డిసెంబర్‌లో ఇచ్చిన చివరి తీర్పులో ఆ కర్మాగారానికి అనుమతి లేదని తేల్చింది. దేశమంతా పర్యావరణ కేసుల్లో ఆ తీర్పును ఎత్తి చూపుతారు. ఒక నూనె కర్మాగారం దగ్గర అంత జాగ్రత్త పడిన చోట, యురేనియం బురద దగ్గర ఎంత పడాలి?

నగరం పట్టించుకోని ఊళ్ల సంగతి కూడా ఒక్క మాట. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే పెద్ద తడి నేల ఉంది. చుట్టుపక్కల ఊళ్లకు సాగు నీళ్లు, చేపలు, గడ్డి అన్నీ దాన్నుంచే. అక్కడ బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టబోతే జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్.శర్మ లాంటివాళ్లు వాళ్ల పక్షాన నిలబడ్డారు. కరెంటు శాఖను నడిపిన మనిషే ఈ చోటు తప్పని చెప్పాక ఇంకేం కావాలి? కానీ బీల నీళ్లు హైదరాబాద్ కుళాయికి రావు. అందుకే సోంపేట రిలే దీక్షలు ఏళ్ల తరబడి సాగినా నాంపల్లిలో తీర్మానం అనే మాట రాలేదు. నగరం స్వార్థంతోనే అయినా నల్లమల వైపు తిరిగింది, సంతోషమే. ఆ స్వార్థానికి నది ఒడ్డున లేని ఊళ్లు ఎప్పుడూ బయటే ఉండిపోతాయి.

ఆ తీర్మానంతో అంతా అయిపోయిందని మాత్రం అనుకోవద్దు. 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారన్న వార్త రాగానే చుట్టుపక్కల ఊళ్లు రోడ్డు మీదికొచ్చాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అక్కడ కూడా జనం వద్దనడం వల్లనే ఆగింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పబ్లిక్ హియరింగ్ అన్నది మన చట్టంలోకి 1997లో వచ్చింది. 2006 నోటిఫికేషన్ దాన్ని ఇంకా స్పష్టం చేసింది. ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన, స్థానిక భాషలో నివేదిక సారాంశం, జిల్లా కలెక్టర్ గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత, మొత్తం వీడియో రికార్డింగ్. ఎన్ని లోపాలున్నా, పెద్దగట్టు మనిషి మైకు పట్టుకొని కలెక్టర్ ముందు వద్దని చెప్పగలిగాడంటే, ఆ మాట అధికారికంగా రికార్డుకెక్కిందంటే, ఆ ఏర్పాటు వల్లనే. 2025 సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమోరాండం ఇచ్చింది. దాని ప్రకారం అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు కారణంగా చూపించారు. అంటే 2003 ఆగస్టులో జరిగిన ఆ సభ, ఈ రోజు అదే ప్రాజెక్టు వస్తే జరపక్కర్లేదు.

దేశానికి అవసరమైన ఖనిజమైతే జనాన్ని అడగకూడదన్న వాదన నాకు అర్థం కాదు. అడిగితే వద్దంటారన్న భయమే అందులో కనిపిస్తుంది.

ఇక మిగిలినవి రెండే. ఊళ్లలో గ్రామసభ, నగరంలో శాసనసభ. అబిడ్స్ గోషామహల్ నియోజకవర్గంలో ఉంది, నాంపల్లికి తన నియోజకవర్గం తనకుంది. వింటున్న మీలో అక్కడి ఓటర్లు ఉంటే మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాయండి. నల్లమల మీద 2019లో సభ చేసిన తీర్మానానికి కట్టుబడి ఉన్నారా, గనులకు హియరింగ్ తీసేయడం మీద సభలో మాట్లాడతారా అని అడగండి. ఉత్తరం తెలుగులోనే రాయండి. అబిడ్స్ జీపీఓలో పోస్ట్ చేస్తే అసెంబ్లీకి చేరడానికి ఎక్కువ దూరం కూడా లేదు.